నలుగురు పిల్లలు, ముగ్గురు వారసులు

మా పెద్దత్త బడికి పోలేదు. సంతకం పెట్టడం మాత్రం నేర్చుకుంది. 2018 వేసవిలో వాళ్ల అబ్బాయి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఒక దస్తావేజు నకలు తెచ్చి ఆమెకు చదివి వినిపించాడు. మొదటి పేజీలోనే ఉంది ఆ వాక్యం: మా తండ్రి గారికి మేము ముగ్గురము తప్ప వేరే వారసులు ఎవరూ లేరు. ఆమె ఆ ముక్క రెండోసారి చదివించుకుందట. ఆ సాయంత్రం మా నాన్నకు ఫోన్ చేసి ఒక్క మాటే అడిగింది.

"అబ్బయ్యా, మరి నాకు సారె పెట్టింది ఎవురు?"

మా నాన్న దగ్గర జవాబు లేదు. ఫోన్ పట్టుకుని అట్లాగే అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ వాక్యం రాసింది నాన్న కాదు. బాబాయి కాదు, చిన్నత్త కాదు. పదిహేను వేలు ఫీజు తీసుకుని ఒక ప్లీడరు గారు రాశారు. వీళ్లు ముగ్గురూ కింద సంతకాలు పెట్టారు. ఆ తర్వాత ఐదేళ్లు ఆ వాక్యానికి మూల్యం కట్టింది మాత్రం మా కుటుంబమే. రాసిన మనిషిని ఎవరూ ఒక్క రూపాయి అడగలేదు. ఎందుకు అడగలేదు, అడిగితే ఏమయ్యేది అన్నదే నేను రాయబోయేది.

మాది కందుకూరు దగ్గర పల్లె. 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరులో కలిపారు. మా కేసు ప్రకాశం జిల్లాలో పడి నెల్లూరు జిల్లాలో తేలింది. భూమి మాత్రం ఎక్కడికీ కదల్లేదు. పన్నెండు ఎకరాలు. కొంత నల్లరేగడి, అందులో పొగాకు వేసేవాళ్లు. కొంత చౌడు పట్టిన నేల, అందులో జామాయిలు. తాతకు వాళ్ల నాన్న దగ్గర నుంచి వచ్చిన భూమి అది. నాయనమ్మ ముందే పోయింది. తాత 2011లో పోయాడు. వీలునామా రాయలేదు. పిల్లలు నలుగురు: పెద్దత్త, మా నాన్న, బాబాయి, చిన్నత్త. పెద్దత్త పెళ్లి 1979లో జరిగింది, చిన్నత్త పెళ్లి 1988లో.

ఈ రెండు సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి. తప్పంతా వాటి మధ్యే జరిగింది.

2014లో పంపకాలు చేసుకుందామని ముగ్గురూ ప్లీడరు గారి దగ్గరికి వెళ్లారు. తహసీల్దారు ఆఫీసు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వెంట తీసుకెళ్లారు. దాని మీద నలుగురి పేర్లూ ఉన్నాయి. ఆయన కాగితం చూసి, పెళ్లిళ్లు ఎప్పుడయ్యాయని అడిగి తేల్చేశారు: పెద్దమ్మాయికి వాటా రాదు, ఎన్టీఆర్ చట్టం 85 తర్వాత పెళ్లయిన వాళ్లకే, కాబట్టి ఆమె రావాల్సిన పని లేదు. మూడు భాగాలుగా, తలా నాలుగు ఎకరాలు రాసేశారు.

ఎన్టీఆర్ చట్టం అని మా వైపు అందరూ పిలిచేది హిందూ వారసత్వ చట్టానికి అప్పటి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన సవరణని. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఆ తేదీకి పెళ్లి కాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయిన వాళ్లను బయట పెట్టింది. దేశమంతటికీ అలాంటి చట్టం రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది కాబట్టి అది గొప్ప అడుగే. కానీ 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ అమల్లోకి వచ్చింది. అందులో పెళ్లి తేదీ ప్రసక్తే లేదు. కూతురు కూతురే.

ఆ సవరణ మీద తర్వాత చాలా వాదనలు నడిచిన మాట నిజమే. తండ్రి ఆ రోజుకి బతికి ఉండాలని 2015లో సుప్రీంకోర్టు అంది. ఉండనక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చేదే అని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి తేల్చింది. మా తాత 2005లో నిక్షేపంగా ఉన్నాడు, ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. ఏ తీర్పు ప్రకారం చూసినా, ఏ తేదీ నుంచి లెక్కేసినా పెద్దత్తకు పావు వాటా ఉంది. అంటే మూడు ఎకరాలు.

నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వనిది ఇంకొకటి ఉంది. ఆ ప్లీడరు గారు 2005 సవరణ గురించి వినలేదనే అనుకుందాం. ఆయన నమ్మిన పాత చట్టం ప్రకారమే లెక్క వేద్దాం. తాత, ఇద్దరు కొడుకులు, చిన్నకూతురు, మొత్తం నాలుగు భాగాలు. తలా మూడు ఎకరాలు. ఇప్పుడు తాత పోయాడు. ఆయన భాగంలోకి వచ్చే మూడు ఎకరాలు ఎవరికి పోవాలి? 1956 నాటి అసలు చట్టం ప్రకారమే ఆయన పిల్లలందరికీ సమానంగా పోవాలి. అందులో పెళ్లయిన కూతురు, కాని కూతురు అన్న తేడా ఏనాడూ లేదు. నలుగురికి మూడు ఎకరాలు పంచితే తలా 75 సెంట్లు. ఆయన లెక్కలోనే, ఆయన చట్టంలోనే పెద్దత్తకు 75 సెంట్లు రావాలి. అది కూడా ఇవ్వలేదు. పైగా ఆమె పుట్టనే లేదన్నట్టు రాశారు.

ఇది చిక్కు ప్రశ్న కాదు. రెండు రకాలుగా ఆలోచించగలిగిన విషయమూ కాదు. బోర్డు పెట్టుకున్న ఏ ప్లీడరుకైనా తెలిసి తీరాల్సిన సంగతి.

నేను ఒంగోలులో ఒక బ్యాంకులో పనిచేస్తాను, వ్యవసాయ రుణాల విభాగంలో. రోజూ లీగల్ ఒపీనియన్లు చూస్తూనే ఉంటాను. అయినా మా ఇంటి దస్తావేజు నాలుగేళ్ల పాటు బీరువాలో ఉంటే ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. మా నాన్న విషయం కూడా దాచను. ఆయన ప్లీడరు మాట నమ్మాడు. కానీ ఆ మాట నమ్మడం వల్ల ఆయనకు ఒక ఎకరం ఎక్కువ వచ్చింది. మనకు లాభం తెచ్చే మాటను ఎవరమైనా తొందరగానే నమ్ముతాం. అక్క దగ్గరికి వెళ్లి, ప్లీడరు ఇట్లా అన్నాడు, నువ్వేమంటావు అని అడగొచ్చు. అడగలేదు. ఆ తప్పు ఆయనదే, ఆయనా ఒప్పుకున్నాడు.

బాబాయి 2017లో తన నాలుగు ఎకరాలు అమ్మేశాడు. ఎకరం పద్నాలుగు లక్షలు. కూతురి పెళ్లి, అప్పులు, కందుకూరులో ఇల్లు. ఆ అమ్మకం మాట ఊళ్లో తిరిగి పెద్దత్త కొడుకు చెవిన పడింది. అందుకే నకలు తీసుకున్నాడు. నోటీసు వచ్చింది, భాగం కోసం దావా పడింది. భూమి కొన్న పెద్దమనిషిని కూడా ప్రతివాదిగా చేర్చారు. ఆయన ఆ భూమి మీద లోనుకి వెళితే, బ్యాంకు తరఫున కాగితాలు చూసే ప్యానెల్ లాయరు టైటిల్ క్లియర్‌గా లేదని తిప్పి పంపారు. ఆయన వచ్చి బాబాయి గేటు ముందు నిలబడ్డాడు. ఆ టెన్షన్‌లో బాబాయికి షుగర్ ఎక్కువై ఆసుపత్రిలో పడ్డాడు. చిన్నత్త, పెద్దత్త మాట్లాడుకోవడం మానేశారు. ఒకే తండ్రి కూతుళ్లలో ఒకరిని వారసురాలని, ఒకరిని కాదని రాసిన కాగితం వాళ్ల మధ్యకు వచ్చింది.

2023లో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. నాన్న ఒక ఎకరం ఇచ్చాడు, చిన్నత్త ఒక ఎకరం ఇచ్చింది. బాబాయి దగ్గర భూమి లేదు కాబట్టి అప్పటి ధర ప్రకారం ఇరవై రెండు లక్షలు ఇచ్చాడు. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు ఉండదు. కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కుటుంబ తగాదాలకు ఇంత మంచి దారి ఉందని చాలామందికి తెలియదు. ఐదేళ్లు వాయిదాలకు తిరగకముందే మాకూ ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ప్లీడరు గారి తప్పు వల్ల మాకు నష్టం ఎంత? దీన్ని నిజాయితీగా లెక్కపెట్టాలి. తిరిగి ఇచ్చిన ఎకరాలు మాకు నష్టం కావు. అవి మావి కావు, ఎప్పుడూ కావు. కానీ బాబాయి పద్నాలుగు లక్షలకు అమ్ముకున్న ఎకరానికి ఇరవై రెండు లక్షలు కట్టాల్సి వచ్చింది. ఆ ఎనిమిది లక్షలు నష్టం. ఆ ఎకరం తనది కాదని ముందే తెలిస్తే అమ్మేవాడే కాదు. నాన్న తన భాగం అనుకుని దక్షిణం పక్క ఎకరంలో లక్షా ఎనభై వేలు పెట్టి బోరు వేయించాడు. ఇప్పుడు ఆ బోరు పెద్దత్త ఎకరంలో ఉంది. దస్తావేజుకు రెండు సార్లు ఖర్చు, ఇరుపక్షాల లాయర్ల ఫీజులు. పెద్దత్తకు తొమ్మిదేళ్ల పంట పోయింది. ఇవన్నీ ఒక్క వాక్యం వల్ల వచ్చినవి.

దావా పడ్డ కొత్తలో నేనే ఆయన దగ్గరికి వెళ్లాను. చెడ్డ మనిషి కాదు. కూర్చోమన్నారు, మంచినీళ్లు ఇప్పించారు. ఫైలు తీయించారు. ఫైల్లో నలుగురి పేర్లున్న సర్టిఫికెట్ జిరాక్స్ ఉంది, దాని కింద ముగ్గురి పేర్లున్న దస్తావేజు చిత్తుప్రతి ఉంది. రెండూ ఒకే దారంతో కట్టి ఉన్నాయి. నేను వేలు పెట్టి చూపించాను. ఆయన కాసేపు చూసి, "అమ్మా, మీ నాన్న చెప్పినట్టే రాశాను" అన్నారు. నేనేమీ మాట్లాడకపోతే, "సవరణ దస్తావేజు రాసుకుందాం, నా ఫీజు సగమే ఇవ్వండి" అన్నారు.

ఆయన తప్పు దిద్దడానికి ఆయనకే సగం ఫీజు. ఆ మాట ఆయన దయతోనే అన్నారు, నాకు ఆ సంగతి అర్థమైంది. అందుకే ఎక్కువ బాధ కలిగింది. తన తప్పుకు తాను బాధ్యుడినన్న ఆలోచన ఆయనకు రాలేదు. మాకూ రాలేదు. మా వైపు ప్లీడరు అంటే ఉండే గౌరవం అలాంటిది. ప్రకాశం జిల్లాకు పేరే ఒక బారిస్టరుది. ప్రకాశం పంతులు రాజమండ్రిలో ప్లీడరుగా మొదలై ఇంగ్లండు వెళ్లి చదివి మద్రాసులో ప్రాక్టీసు చేసిన మనిషి. ఆ గౌరవం ఊరికే రాలేదు, నేనూ దాన్ని కాదనను. కానీ గౌరవం పేరుతో మనం రసీదు అడగం. రాసి ఇవ్వమని అడగం. తప్పు జరిగితే, మన కర్మ అనుకుని ఇంకో ప్లీడరును పెట్టుకుంటాం.

చట్టం మాత్రం అలా అనలేదు. బ్రిటిషు వాళ్ల కాలంలో, 1926లో, న్యాయవాదుల ఫీజుల చట్టం ఒకటి వచ్చింది. చిన్న చట్టం. దాని ఐదో సెక్షన్ చెప్పేది ఇది: వృత్తి పనిలో నిర్లక్ష్యం వల్ల ఎవరికైనా నష్టం జరిగితే, కేవలం న్యాయవాది అయినంత మాత్రాన అతని మీద దావా వేయకూడదనే మినహాయింపు ఏదీ ఉండదు. వందేళ్లుగా ఆ సెక్షన్ అక్కడే ఉంది. నేను అడిగిన వాళ్లలో చాలామంది దాని పేరే వినలేదు.

మరి ఆ దారిలో ఎవరూ ఎందుకు నడవరు? వినియోగదారుల ఫోరం తలుపు ఇప్పుడు మూసేశారు. 2007లో జాతీయ వినియోగదారుల కమిషన్ న్యాయవాదుల సేవలు కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తాయంది. 2024 మే 14న సుప్రీంకోర్టు డీకే గాంధీ కేసులో దాన్ని కొట్టేసింది. న్యాయవాద వృత్తి మిగతా వాటి లాంటిది కాదని, క్లయింటు చెప్పినట్టు నడుచుకోవాల్సిన వాడు కాబట్టి ఇది వ్యక్తిగత సేవా ఒప్పందమని అంది. మామూలు సివిల్ కోర్టుకు వెళ్లే దారి మాత్రం అలాగే ఉంది.

కోర్టులో వాదించే ప్లీడరు విషయంలో ఆ తర్కం నాకు అర్థమవుతుంది. అక్కడ ఎదుటి పక్షం ప్లీడరు ఉంటారు, జడ్జి ఉంటారు, పైన అప్పీలు ఉంటుంది. ఒకరి పొరపాటును ఇంకొకరు పట్టుకుంటారు. ఓడిపోయిన ప్రతివాడూ తన ప్లీడరు మీద కేసు వేస్తే వృత్తి నడవదు. కానీ పంపకాల కాగితం రాసే టేబుల్ దగ్గర ఎవరున్నారు? ఎదుటి పక్షం లేదు. జడ్జి లేరు. సబ్ రిజిస్ట్రారు గారు వచ్చిన వాళ్ల గుర్తింపు, స్టాంపు డ్యూటీ చూస్తారు గానీ ఇంట్లో కూతుళ్లు ఎంతమంది అని విచారించరు. ఆ గదిలో చట్టం తెలిసిన మనిషి ఒక్కడే. ఆయన తప్పు చేస్తే పట్టుకునేవాడు లేడు. క్లయింటు చెప్పినట్టే ప్లీడరు నడుస్తాడంటారా, ఆ రోజు మా నాన్న ఆయనకు ఏమీ చెప్పలేదు. ఆయన చెప్పింది విని తల ఊపాడు.

అందుకే నా వాదన ఇది: కోర్టు వాదన వేరు, ఆస్తి పంచే కాగితం వేరు. రెండో దానిలో న్యాయవాది బాధ్యత ఎక్కువ ఉండాలి. మనం తక్కువ చేసి పెట్టుకున్నాం.

న్యాయవాదుల మీద అజమాయిషీకి బార్ కౌన్సిల్ ఉంది కదా అంటారు. 1961 అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయొచ్చు. కానీ అది చూసేది దుష్ప్రవర్తనని. తప్పుడు బుద్ధితో ఇచ్చే సలహా వేరు, తప్పు సలహా వేరు అని, దురుద్దేశం లేని వట్టి నిర్లక్ష్యం దుష్ప్రవర్తన కాదని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. ఒకవేళ రుజువైనా మందలిస్తారు, సస్పెండ్ చేస్తారు, పేరు తీసేస్తారు. నష్టపోయినవాడికి ఆ శిక్షల వల్ల ఒక్క పైసా రాదు. మా ప్లీడరు గారిని సస్పెండ్ చేయడం వల్ల పెద్దత్తకు ఏమొస్తుంది? నాకు అది వద్దు కూడా.

మిగిలింది సివిల్ దావా. దానికి గడువు మామూలుగా మూడేళ్లు. దస్తావేజు 2014 నాటిది, తప్పు బయటపడింది 2018లో. ఆ లెక్కన మేం నష్టపరిహారం అడగాల్సిన రోజు మాకు నష్టం జరిగిందని తెలియకముందే దాటిపోయింది. తప్పు తెలిసిన నాటి నుంచి లెక్కించాలని వాదించే దారులు ఉన్నాయి గానీ అది ఇంకో యుద్ధం. అదే ఉమ్మడి ఆస్తిలోంచి తనను తీసేశారని తెలిసిన వారసుడికి తన హక్కు కోసం పన్నెండేళ్లు గడువు ఉంది. అంటే పంపకం కాగితం మీద ఏ రోజైనా కేసు పడొచ్చు. రాసిన మనిషి మాత్రం మూడేళ్లకే బయటపడతాడు. ఇంగ్లండులో ఈ చిక్కు గమనించే 1986లో చట్టం మార్చారు. నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం పైకి కనిపించనిదైతే, తెలిసిన నాటి నుంచి మూడేళ్లు ఇచ్చారు, మొత్తం మీద పదిహేనేళ్లు దాటకుండా. మనకూ అలాంటిది కావాలి. భూమి తగాదాలు ఆలస్యంగానే పుడతాయి. అమ్మకానికి పెట్టినప్పుడో, లోనుకి వెళ్లినప్పుడో, రీసర్వేలో కొలతలు వేసినప్పుడో.

ఇంకో చిక్కు. ప్లీడరు గారికి ఫీజు ఇచ్చింది మా నాన్న వాళ్లు. ఎక్కువ నష్టపోయింది పెద్దత్త. ఆమె ఆయన క్లయింటు కాదు. ఆమె పట్ల ఆయనకు బాధ్యత ఉందా?

ఇక్కడ ఇంగ్లండు కేసు ఒకటి చెప్పాలి, ఎందుకంటే అది చదివినప్పుడు నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. ఒక తండ్రి ఇద్దరు కూతుళ్లతో తగాదా పడి, వాళ్లకు ఏమీ లేకుండా వీలునామా రాశాడు. తర్వాత రాజీ పడ్డారు. 1986 జూలైలో, కూతుళ్లకు చెరో తొమ్మిది వేల పౌండ్లు వచ్చేలా కొత్త వీలునామా రాయమని తన లాయరుకు ఉత్తరం పంపాడు. లాయరు ఇవాళ రేపు అంటూ జాప్యం చేశాడు. సెప్టెంబరులో తండ్రి చనిపోయాడు. పాత వీలునామానే చెల్లింది. కూతుళ్లు లాయరు మీద దావా వేశారు. మేం వాళ్లకు సలహా ఇవ్వలేదు, ఫీజు తీసుకోలేదు, మాకేం బాధ్యత అన్నది లాయరు వైపు వాదన. అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1995లో ఐదుగురిలో ముగ్గురి మెజారిటీతో కూతుళ్ల పక్షాన తీర్పిచ్చింది. అందులో నాకు అర్థమైన సారం ఇది: నష్టపరిహారం అడిగే హక్కు ఉన్నవాడు చనిపోయాడు, ఆయన ఆస్తికి నష్టం లేదు. నష్టం జరిగిన వాళ్లకు హక్కు లేదంటే, తప్పు చేసినవాడు ఎవరికీ జవాబు చెప్పకుండా పోతాడు. అది న్యాయం కాదు.

ఆ కేసులో లాయరు పని చేయలేదు. మా కేసులో చేశాడు, తప్పుగా చేశాడు. పైగా తప్పిపోయిన మనిషి పేరు ఆయన ఫైల్లోనే ఉంది.

దీనికి ఎదురు వాదన బలమైనదే. క్లయింటు కానివాళ్లకు కూడా ప్లీడరు బాధ్యుడైతే ఆయన ఎవరి మేలు చూడాలి? అన్నదమ్ములు వచ్చి మా వాటాలు కాపాడండి అని డబ్బిస్తే, చెల్లెలి తరఫున ఆలోచించడం వాళ్లకు ద్రోహం కాదా? ఇంకో సంగతి, కుటుంబాలే అబద్ధం చెబుతాయి. మా ఊళ్లోనే తెలుసు, ఆడపిల్లల్ని దాచిపెట్టి కాగితాలు రాయించిన ఇళ్లు. ప్లీడరు ఇంటింటికీ పోయి పిల్లల్ని లెక్కపెట్టలేడు కదా.

నిజమే. వంశవృక్షంలో కూతురి పేరు ఎగ్గొట్టి, ఆ కాగితం మీద సంతకం పెట్టి ఇస్తే ఆ పాపం కుటుంబానిదే. ప్లీడరును అనడానికి లేదు. నేను అడిగేది అంత పెద్దది కాదు. తన దగ్గరికి వచ్చిన కాగితంలో ఉన్న వారసుడిని తన చట్టపరమైన పొరపాటు వల్ల తీసేస్తే, ఆ వారసుడికి న్యాయవాది జవాబు చెప్పాలి. అంతే. అన్నదమ్ముల మేలు కూడా అందులోనే ఉంది. చెల్లని పంపకం ఎవరికీ మేలు కాదు, బాబాయిని చూస్తే తెలుస్తుంది.

ఇలా చేస్తే లాయర్లు భయపడి ఫీజులు పెంచుతారని మా బ్యాంకులోనే ఒక పెద్దాయన అన్నారు. పెంచనీయండి. పన్నెండు ఎకరాల పంపకానికి పదిహేను వేలు కాదు, ముప్ఫై వేలు అడగనీయండి. అందులో కొంత పెట్టి వృత్తి బాధ్యత బీమా తీసుకోనీయండి. అలాంటి పాలసీలు మన దేశంలో దొరుకుతున్నాయి. డాక్టర్లు 1995 నుంచి వినియోగదారుల చట్టం కింద ఉన్నారు. వైద్యం ఆగిపోలేదు.

బ్యాంకులకు ఈ విషయం బాగా తెలుసు. ప్యానెల్ లాయరు తప్పుడు ఒపీనియన్ ఇచ్చి లోను మునిగితే, ఆ పేరును బ్యాంకుల సంఘానికి పంపుతారు. ఆ సంఘం హెచ్చరిక జాబితా తయారుచేసి అన్ని బ్యాంకులకూ ఇస్తుంది. 2012లో హైదరాబాదు ప్యానెల్ లాయరు కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మోసంలో పాలుపంచుకున్నాడని రుజువు లేకుండా కేవలం ఒపీనియన్ తప్పయిందని క్రిమినల్ కేసు పెట్టకూడదని, మహా అయితే నిర్లక్ష్యం కిందికి వస్తుందని కోర్టు అంది. సరైన మాట. తప్పు చేసిన ప్లీడరును జైలుకు పంపమని నేనూ అనను. కానీ బ్యాంకుకి తన నష్టం గురించి అడిగే వ్యవస్థ ఉంది, లిఖితపూర్వకంగా ఒపీనియన్ ఉంది, సంతకం ఉంది. మా పెద్దత్తకు ఏముంది? ప్లీడరు గారు నోటితో చెప్పిన మాట, దానికి సాక్షి అయిన ముగ్గురు ప్రతివాదులు.

కాబట్టి నేను అడిగేవి చాలా మామూలు సంగతులు. పంపకం దస్తావేజు మీద తయారు చేసిన న్యాయవాది పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, సంతకం ఉండాలి. ఎవరికి వాటా ఉంది, ఎవరికి లేదు, ఏ చట్టం ప్రకారం లేదు అన్నది ఒక పేజీలో రాసి ఇవ్వాలి. ఆ పేజీ రాయాల్సి వస్తే మా ప్లీడరు గారు కూడా ఒకసారి పుస్తకం తిప్పి ఉండేవారని నా నమ్మకం. ఫీజుకు రసీదు ఇవ్వాలి. రసీదు లేకపోతే రేపు ఆయన మన ప్లీడరే కాదనొచ్చు. వీటిలో చాలావరకు చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు, మనం అడిగితే చాలు. గడువు సంగతి మాత్రం చట్టసభలే చూడాలి.

బ్యాంకుకు వచ్చే రైతుల్ని ఇప్పుడు నేను అడుగుతున్నాను. అక్కచెల్లెళ్లు ఎంతమంది, పెళ్లి ఎప్పుడయిందని కాదు, ఎంతమంది అని. మొన్న దర్శి నుంచి వచ్చిన ఒకాయన, "ఆడపిల్లలకు కట్నాలు ఇచ్చేశాం కదమ్మా" అన్నాడు. కట్నానికీ వాటాకీ సంబంధం లేదని చెబితే, మా ప్లీడరు అట్లా చెప్పలేదే అన్నాడు. రాసి ఇచ్చాడా అని అడిగాను. లేదన్నాడు.

బోరు సంగతి ఇంకా మిగిలి ఉంది. నాన్న పొలానికి నీళ్లు ఆ బోరు నుంచే రావాలి. పెద్దత్త వద్దనలేదు. "నీళ్లకి కూడా కాగితమా అబ్బయ్యా, తోడుకో" అంది. నాన్న కూడా అక్కాతమ్ముళ్ల మధ్య కాగితాలేందని విసుక్కున్నాడు. నేను ఒప్పుకోలేదు. వీళ్లిద్దరూ ఉన్నంతకాలం పర్లేదు, ఆ తర్వాత నేనూ, వాళ్ల అబ్బాయీ ఉంటాం. వారానికి ఎన్ని రోజులు, ఏ గంటలు, కరెంటు మోటారు ఖర్చు ఎవరిది, పైపులైను ఏ గట్టు మీదుగా పోవాలి, అన్నీ రాయించాను.

కొత్త ప్లీడరు, కుర్రాయన, చిత్తుప్రతి చేసి ఇచ్చారు. చివరి పేజీ కింద మీ సంతకం, నంబరు కూడా వేయండి అన్నాను. "నాదెందుకండీ, పార్టీలు మీరు కదా" అన్నారు. పాత దస్తావేజు నకలు, దాని వెనక ఉన్న నలుగురి సర్టిఫికెట్ రెండూ ఆయన ముందు పెట్టాను. ఆయన రెండూ చదివారు. మా చిత్తుప్రతి మళ్లీ వెనక్కి తీసుకుని, గట్టు హద్దు దగ్గర ఒక సర్వే నంబరు తప్పు పడిందని దిద్దారు. ఆ తర్వాత సంతకం పెట్టి, కింద ఎన్‌రోల్‌మెంట్ నంబరు వేసి, రసీదు పుస్తకం ఎక్కడుందో వెతకమని గుమాస్తాను పిలిచారు.